రోజుకో అధ్యాయం

1865 జనవరిలో, మాస్కోలో అచ్చయ్యే 'రూస్కీ వేస్త్నిక్' మాసపత్రికలో '1805వ సంవత్సరం' అనే రచన మొదలైంది. రాసింది కౌంట్ లేవ్ టాల్‌స్టాయ్. అప్పటికి ఆయన వయసు 36. సెవస్తొపోల్ యుద్ధ కథలతో, తన బాల్యం నేపథ్యంగా రాసిన పుస్తకాలతో అప్పటికే పేరు సంపాదించుకున్నాడు. మొదటి పేజీ తెరిచిన చందాదారుడికి రష్యన్ కన్నా ముందు ఫ్రెంచి కనిపించింది. పీటర్స్‌బర్గ్‌లో రాజమాతకు ఆంతరంగికురాలైన ఆనా పావ్లొవ్న షేరర్ ఇంట్లో సాయంకాలపు విందు జరుగుతోంది. నెపోలియన్ గురించి మాటలు నడుస్తున్నాయి. పెద్ద కుటుంబాల వాళ్లు ఒక్కొక్కరే లోపలికి వస్తున్నారు. ఈ కథ ఎంత దూరం పోతుందో ఆ సంచిక చదివినవాళ్లలో ఒక్కరికీ తెలీదు. రాస్తున్నవాడికీ తెలీదు. ఇది నవలా కాదు, కథా కాదు, దయచేసి నవల అని ప్రకటించవద్దని ఆయన సంపాదకుడు మిఖయీల్ కత్కోవ్‌కు ఉత్తరం కూడా రాశాడు.

ఆ రచనే తరవాత 'యుద్ధము – శాంతి' అయింది. ఇవాళ ఆ పేరు వింటే చాలామందికి ముందు గుర్తొచ్చేది పుస్తకం లావు. ఎప్పుడో తీరిక దొరికినప్పుడు చదవాలని అలమరాలో పెట్టుకునే పుస్తకాల్లో అది మొదటిది. కానీ ఆ నవలనూ, దాని సాటి రష్యన్ నవలలనూ మొట్టమొదట చదివినవాళ్లకు ఆ లావు తెలీదు. వాళ్లకు అవి విడతలు విడతలుగా, నెలలూ సంవత్సరాలూ గడుస్తుండగా అందాయి. ఒకే విడతను ఒకే నెలలో వేలమంది చదివారు, చదివింది చర్చించుకున్నారు, తరవాతి విడత కోసం కలిసి ఎదురుచూశారు. ఈమధ్య మిత్రులు నలుగురు చేరి, రోజుకిన్ని పేజీలని ఒక పట్టిక వేసుకుని ఈ నవలలు చదువుతున్నారంటే కొత్త పద్ధతి కనిపెట్టారనుకోనక్కరలేదు. ఈ పుస్తకాలు పుట్టిన తీరు దగ్గరికే వాళ్లు తిరిగి వెళ్తున్నారు. ఆనాటికీ ఈనాటికీ మారిందల్లా గడువు ఎవరి చేతిలో ఉందన్నదే. ఆ మార్పు ఎలా వచ్చిందో చూడటమే ఈ వ్యాసం ఉద్దేశం.

పంతొమ్మిదో శతాబ్దపు రష్యాలో నవల బతికింది 'లావు పత్రికల'లో. నెలనెలా వెలువడే ఈ పత్రికలు ఒక్కో సంచికా ఒక పుస్తకమంత ఉండేవి. నవల, కవిత్వం, చరిత్ర, వ్యవసాయం, విదేశీ రాజకీయాలు, పుస్తక సమీక్ష అన్నీ ఒకే అట్ట కింద ఉండేవి. చందాదారులు కొన్ని వేలకు మించరు. 1897 జనగణన నాటికి కూడా సామ్రాజ్యంలో అక్షరాస్యులు నూటికి 21 మందే. అయినా ఒక సంచిక ఒక్కరితో ఆగేది కాదు. మారుమూల జమీందారీ ఇంటికి టపాలో వచ్చిన సంచికను దీపం చుట్టూ కూర్చున్న కుటుంబానికి ఒకరు పైకి చదివి వినిపించేవారు. అక్కణ్నుంచి అది పొరుగు ఎస్టేటుకు, డాక్టరుగారింటికి, బడిపంతులుకు ప్రయాణమయ్యేది. వారపత్రికల సీరియళ్ల కాలం చూసిన తెలుగువాళ్లకు ఈ దృశ్యం విడమరిచి చెప్పనక్కరలేదు. చదివినవాళ్లు చదవనివాళ్లకు కథ చెప్పడం, వచ్చే సంచికలో ఏమవుతుందోనని పందేలు వేసుకోవడం మన ఇళ్లలోనూ జరిగినవే.

ఆ పత్రికల్లో 1856లో కత్కోవ్ స్థాపించిన 'రూస్కీ వేస్త్నిక్'ది ప్రత్యేక స్థానం. రాజకీయంగా ఆయన రానురాను సింహాసనం వైపు ఒరిగిన మనిషి. సాహిత్య సంపాదకుడిగా మాత్రం ఆయనకు దక్కినంత పంట ఇంకెవరికీ దక్కలేదు. టాల్‌స్టాయ్‌తో బేరం తేలిగ్గా తెగలేదు. 1864 శరత్కాలంలో టాల్‌స్టాయ్ వేటకు వెళ్లి గుర్రం మీంచి పడ్డాడు. కుడిచెయ్యి కీలు తప్పింది, సరిగా అతుక్కోలేదు. మాస్కోలో, క్రెమ్లిన్ ఆవరణలో ఉండే తన మామగారు డాక్టర్ బేర్స్ ఇంట్లో శస్త్రచికిత్స చేయించుకున్నాడు. చెయ్యి కట్టులో ఉండగానే గదిలో అటూ ఇటూ తిరుగుతూ కథ చెబుతుంటే మరదలు తాన్యా రాసుకునేది. నవలానాయిక నతాషా పాత్రలో సగం ఆ పిల్లేనని తరవాత లోకమంతా చెప్పుకుంది. ఆ రోజుల్లోనే పత్రిక తరఫున మనిషి వచ్చాడు. అచ్చు ఫారానికి 300 రూబుళ్లకు తక్కువైతే ఇవ్వనని టాల్‌స్టాయ్ పట్టుపట్టాడు. కాస్త బెట్టుచేసినా చివరికి కత్కోవ్ ఒప్పుకున్నాడు.

అచ్చుకు ముందు కూడా ఆ కథ నలుగురి మధ్యే నడిచింది. ఆ శీతాకాలంలో టాల్‌స్టాయ్ తన రాతప్రతిని మాస్కోలో స్నేహితుల ఇళ్లకు పట్టుకెళ్లి చదివి వినిపించాడు. వింటున్నవాళ్ల ముఖాలు గమనించాడు. తన ఎస్టేటు యాస్నయ పొల్యానలో భార్య సోఫియా ప్రతి చిత్తునూ శుభ్రంగా తిరగరాస్తూ, రాసినదాని మీద తన మాట చెబుతూ ఉండేది. నవలకు మొదటి పాఠకబృందం ఆ ఇంటివాళ్లే.

1865లో జనవరి, ఫిబ్రవరి సంచికల్లో మొదటి భాగం వచ్చింది. తరవాత ఏడాది పాటు ఏమీ లేదు. 1866 ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా రెండో భాగం వచ్చింది. సాహిత్య చరిత్రలో ఇలాంటి ఏడాది మరొకటి ఉందా అని నాకు అనిపించేది ఈ 1866 విషయంలోనే. ఎందుకంటే ఆ జనవరి నుంచే అదే పత్రికలో దోస్తొయెవ్‌స్కీ 'నేరము – శిక్ష' మొదలై డిసెంబరు దాకా నడిచింది. ఫిబ్రవరి సంచిక విప్పిన చందాదారుడికి ఒకే అట్టలో అటు పీటర్స్‌బర్గ్ ఇరుకుగదిలో జ్వరపడిన రస్కోల్నికోవ్, ఇటు ఆస్ట్రియా దారుల్లో నడుస్తున్న రష్యన్ సేనాపతి కుతూజోవ్ సైన్యం. ఈ రెండూ శాశ్వతమైన పుస్తకాలని అతనికి చెప్పేవాళ్లు లేరు. అవి అతనికి ఆ నెల టపా, అంతే. గొడ్డలి పట్టుకున్న ఆ కుర్రవాడు పట్టుబడతాడా లేదా అన్న ప్రశ్నతో అతను ఒక ఏడాది పాటు బతకాల్సి వచ్చింది.

టాల్‌స్టాయ్ కథ మాత్రం షోన్‌గ్రాబెర్న్ యుద్ధం దాకా వచ్చి పత్రికలో ఆగిపోయింది. విడతల ఒత్తిడి ఆయనకు పడలేదు. తుది ప్రతి అంటూ ఆయనకు ఉండేది కాదు; ప్రూఫుల మీద కూడా పేజీలకు పేజీలు తిరగరాసేవాడు. పత్రికను వదిలి సొంత ఖర్చుతో పుస్తకంగా వేయడానికి సిద్ధపడ్డాడు. అచ్చు పనులు చూసుకున్న చరిత్రకారుడు ప్యోత్ర్ బర్తెన్యేవ్ ఆ దిద్దుబాట్లు తట్టుకోలేక, ఇలాగైతే పుస్తకం ఎన్నటికీ పూర్తికాదని మొరపెట్టుకున్నాడు. ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. పత్రికను వదిలినంత మాత్రాన పాఠకుడికి ఎదురుచూపు తప్పలేదు. 'యుద్ధము – శాంతి' ఆరు సంపుటాలుగా 1867 డిసెంబరు నుంచి 1869 డిసెంబరు దాకా విడివిడిగా వచ్చింది. అయిదో సంపుటానికీ ఆరో సంపుటానికీ మధ్య పది నెలలు గడిచాయి. 1865లో ఆనా షేరర్ విందుకు వెళ్లిన పాఠకుడు ఉపసంహారం చేరేసరికి అయిదేళ్లు పట్టింది. ఈలోగా అతని ఇంట్లోనూ పెళ్లిళ్లు జరిగాయి, చావులు జరిగాయి. నవలలో నతాషా పదమూడేళ్ల పిల్ల నుంచి తల్లి అయ్యేదాకా పెరిగింది. చదువుతున్న ఇళ్లలో పిల్లలూ పెరిగారు.

అలా చదివినవాళ్లలో అవ్రామ్ నోరోవ్ ఒకరు. 1812లో బొరొదినో యుద్ధంలో, ఇంకా ఇరవై నిండని వయసులో, కాలు పోగొట్టుకున్న సైనికాధికారి ఆయన. తరవాత విద్యామంత్రి అయ్యాడు. టాల్‌స్టాయ్ సంపుటాలు వస్తుంటే ఆయన వాటిని తన జ్ఞాపకాలతో సరిపోల్చుకుంటూ చదివాడు, బాధపడ్డాడు, 1868లో ఒక విమర్శ రాశాడు. తన తరాన్ని, తన సేనాపతులను చిన్నబుచ్చారన్నది ఆయన ఆవేదన. ముఖ్యంగా ఒక దృశ్యం ఆయనకు మింగుడుపడలేదు. బొరొదినోకు కొద్దిరోజుల ముందు కుతూజోవ్ తన బసలో మదామ్ ద జాన్లిస్ రాసిన ఫ్రెంచి నవల చదువుతూ కనిపిస్తాడు. దేశం గండంలో ఉన్నప్పుడు సేనాపతి నవల పట్టుకు కూర్చుంటాడా, ఆ రోజుల్లో ఎవరికైనా నవలలు చదివే మనసుంటుందా అని నోరోవ్ ఆక్షేపించాడు. ఆయన 1869 జనవరిలో కన్నుమూశాడు. ఆరో సంపుటం చూడలేదు. చనిపోయాక ఆయన గ్రంథాలయంలో 'రోడరిక్ రాండమ్' అనే ఇంగ్లీషు నవల ఫ్రెంచి అనువాదం దొరికింది. 1812 సెప్టెంబరులో గాయపడి మాస్కోలో ఫ్రెంచివాళ్లకు బందీగా ఉన్నప్పుడు ఈ పుస్తకం చదివానని అందులో ఆయన స్వయంగా రాసుకున్న వాక్యం ఉంది. ముసలితనంలో ఆయన దాన్ని మరిచిపోయాడు. ప్రాణం మీదికొచ్చిన రోజుల్లో మనిషి నవల దగ్గరికి వెళ్తాడని టాల్‌స్టాయ్ ఊహించి రాసినదానికి, ఆక్షేపించినవాడి చేతిరాతే సాక్ష్యమైంది.

'ఆనా కరేనినా' నాటికి టాల్‌స్టాయ్ మళ్లీ కత్కోవ్ దగ్గరికే వచ్చాడు. 1875 జనవరిలో మొదలైన ఆ నవల 1877 ఏప్రిల్ దాకా సాగింది. ఏటా మొదటి నాలుగు నెలలూ వరసగా వచ్చేది, తరవాత ఆగిపోయేది. 1875 ఏప్రిల్ తరవాత మళ్లీ 1876 జనవరి దాకా ఒక్క అక్షరం లేదు. ఒక్కో విడత వచ్చినప్పుడల్లా పీటర్స్‌బర్గ్ సమాజం ఎంత ఊగిపోతోందో, వాదోపవాదాలు ఎలా నడుస్తున్నాయో టాల్‌స్టాయ్ బంధువు, ఆస్థానంలో ఉండే అలెక్సాంద్రా టాల్‌స్టాయా ఆయనకు ఉత్తరాల్లో రాసింది. పాత్రల గురించి తమ ఇరుగుపొరుగు గురించి పోట్లాడుకున్నట్టే పోట్లాడుకునేవారు.

ఈ నవలలో విడతల పఠనం ఏం చేసిందో ఒక్క ఉదాహరణతో చూపవచ్చు. మొదటి భాగం 18వ అధ్యాయంలో ఆనా మాస్కో స్టేషనులో రైలు దిగుతుంది, తరవాత తను ప్రేమించబోయే వ్రోన్‌స్కీని కలుస్తుంది. అదే సమయంలో ఒక రైల్వే కాపలాదారు బండి కింద పడి చనిపోతాడు. ఏడో భాగం చివర ఆనా కూడా అలాగే చనిపోతుంది. ఇప్పుడు వారం రోజుల్లో చదివేవాడికి ఈ రెండింటి పోలిక కొట్టొచ్చినట్టు కనబడుతుంది; రచయిత పనితనం అని మెచ్చుకుంటాడు. కానీ 1875 జనవరిలో కాపలాదారు చావు చదివినవాళ్లు 1877 ఏప్రిల్లో ఆనా చావు చదివారు. నడుమ రెండేళ్లకు పైగా గడిచాయి. మొదటి చావు వాళ్ల మనసులో ఎక్కడో అడుగున పడిపోయి ఉంటుంది. ఆనాకు రైలు పట్టాల దగ్గర ఆ కాపలాదారు గుర్తొచ్చినప్పుడు వాళ్లకూ ఆమెతోపాటే గుర్తొచ్చి ఉంటాడు. ఆ అనుభవం ఒక్క బిగిన చదివేవాడికి రాదు. రోజుకో అధ్యాయం చొప్పున చదివేవాళ్లకు ఈ రెండు చావుల మధ్య 202 రోజులు పడుతుంది. ఆనాటి పాఠకుడికి దగ్గరగా పోగలిగేది ఇలా చదివేవాళ్లే.

ఆ నవల చివరి భాగం కథ వేరు. 1877 ఏప్రిల్లో రష్యా టర్కీ మీద యుద్ధం ప్రకటించింది. అంతకుముందే సెర్బుల తరఫున పోరాడటానికి రష్యన్ వలంటీర్లు ఉప్పెనలా కదిలారు. కత్కోవ్ ఆ ఉద్యమానికి గొంతు. టాల్‌స్టాయ్ ఎనిమిదో భాగంలో ఆ ఉత్సాహాన్ని ప్రశ్నించాడు. మార్చమని సంపాదకుడు అడిగాడు, రచయిత మార్చనన్నాడు. మే సంచికలో ఎనిమిదో భాగం రావలసిన చోట ఒక చిన్న ప్రకటన వచ్చింది: నాయిక మరణంతో నవల నిజానికి ముగిసినట్టేనని, రచయిత రెండు ఫారాల ఉపసంహారం ఒకటి అనుకున్నాడని, అందులో వ్రోన్‌స్కీ సెర్బియాకు వెళ్తాడని, లేవిన్ తన పల్లెలోనే ఉండి వలంటీర్ల మీద కోపగిస్తాడని. ఒక మహానవల ముగింపును సంపాదకుడు నాలుగు వాక్యాల్లో తేల్చేశాడు. నవలలో ఆనాతో సమానంగా కథ నడిపిన లేవిన్ అంతర్మథనాన్ని అలా కొట్టిపారేయడం పాఠకుల పట్ల చేసిన అన్యాయం. రెండేళ్లకు పైగా వాళ్లు అతనితో కలిసి గడ్డి కోశారు, అతని పెళ్లి చూశారు, అతని అన్న చావు దగ్గర కూర్చున్నారు. టాల్‌స్టాయ్ ఎనిమిదో భాగాన్ని తన డబ్బుతో విడి పుస్తకంగా వేయించాడు. గడువు సంపాదకుడి చేతిలో ఉంటే దానితోపాటు ముగింపు కూడా అతని చేతిలోకి పోగలదని ఆ మే నెల రుజువు చేసింది.

దోస్తొయెవ్‌స్కీ పరిస్థితి దీనికి పూర్తిగా భిన్నం. ఆయన జీవితమంతా గడువులతో పరుగే. 'కరమజోవ్ సోదరులు' 1879 జనవరి నుంచి అదే పత్రికలో వచ్చింది. ఆ ఏడాదే పూర్తిచేస్తానని ఆయన మాటిచ్చాడు. కుదరలేదు. ఆ డిసెంబరు సంచికలో ఆయన సంపాదకుడికి రాసిన ఉత్తరం అచ్చయింది. నవల మరుసటి ఏటికి పోతోందని, తప్పు పత్రికది కాదు, తనదేనని, తన ఆరోగ్యం సహకరించలేదని పాఠకుల ఎదుట బహిరంగంగా ఒప్పుకున్నాడు. రచయితకూ పాఠకులకూ మధ్య ఒక మాట ఉందని, అది తప్పినప్పుడు సంజాయిషీ ఇవ్వాలని ఆయన అనుకున్న తీరు నాకెంతో గౌరవం కలిగిస్తుంది. ఆ నవలలో ప్రతి విడతా దానికది ఒక పూర్తి 'పుస్తకం'గా ఉండేలా ఆయన జాగ్రత్తపడ్డాడు. పన్నెండు పుస్తకాల నిర్మాణం అలా వచ్చిందే. 1880 నవంబరులో నవల ముగిసింది. 1881 జనవరిలో ఆయన పోయాడు.

ఇంట్లో పిల్లలకు పుస్తకం చదివేటప్పుడు కూడా టాల్‌స్టాయ్ విడతల పద్ధతే పాటించాడు. 1870లలో ఆయన పిల్లలకు జూల్ వెర్న్ రాసిన 'ఎనభై రోజుల్లో భూప్రదక్షిణ' చదివి వినిపించాడు. వాళ్ల దగ్గరున్న ప్రతిలో బొమ్మలు లేవు. అందుకని ఆ సాయంత్రం చదవబోయే భాగానికి పగలే సిరాతో బొమ్మలు వేసి ఉంచేవాడు. ఆయన చిత్రకారుడేం కాదు. అయినా పిల్లలు ఆ బొమ్మ ఎప్పుడు బయటికొస్తుందా అని కాచుకుని, వచ్చీరాగానే బల్ల మీదికెక్కి దాని మీద పడేవారని కొడుకు ఇల్యా తరవాత రాశాడు. ఆ బొమ్మలు కొన్ని ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. రేపటి భాగం రేపే అన్న నియమం, దాని కోసం ఇంటిల్లిపాదీ ఒకచోట చేరడం: సామూహిక పఠనానికి కావలసిన సరంజామా అంతా ఆ బల్ల దగ్గరుంది.

పత్రికల విడతలు పోయి పుస్తకాల సంపుటాలు స్థిరపడ్డాక ఈ నవలలు ఒంటరి చదువుకు మళ్లాయి. అనువాదాల్లో ప్రపంచమంతా తిరిగినప్పుడు అట్టకట్టిన పుస్తకాలుగానే తిరిగాయి. మనకూ అంతే. తెలుగువాళ్లకు రష్యన్ సాహిత్యం చాలావరకు మాస్కో ప్రచురణాలయాల చవక పుస్తకాలుగా విశాలాంధ్ర పుస్తకశాలల ద్వారా చేరింది. ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి వంటివాళ్లు మాస్కోలోనే ఉండి అనువాదాలు చేశారు. అలా ఒక తరం మొత్తానికి ఆ పుస్తకాలు ఇంటి మనుషులయ్యాయి. అయితే అవి ఒకప్పుడు నెలనెలా ఆగుతూ వచ్చిన కథలన్న సంగతి ఆ అట్టల మీద ఎక్కడా కనిపించదు.

కలిసి చదవడం మళ్లీ అవసరమైంది ఇరవయ్యో శతాబ్దపు అతి ఘోరమైన రోజుల్లో. 1941 సెప్టెంబరు 8న జర్మన్ సైన్యం లెనిన్‌గ్రాడ్‌ను చుట్టుముట్టింది. ముట్టడి 1944 జనవరి 27 దాకా సాగింది. తొలి శీతాకాలంలో ఉద్యోగులకూ ఇంట్లో ఉండేవాళ్లకూ పిల్లలకూ రోజుకు 125 గ్రాముల రొట్టె. అందులోనూ పిండి కానిది చాలా ఉండేది. ఆ ఊళ్లోనే ముట్టడిని భరించిన సాహిత్య పరిశోధకురాలు లీదియా గింజ్‌బుర్గ్ తన ముట్టడి రచనను ఒక పరిశీలనతో మొదలుపెట్టింది. ఆ సంవత్సరాల్లో జనం 'యుద్ధము – శాంతి'ని ఆబగా చదివారంటుంది. ఎందుకు? టాల్‌స్టాయ్ సరిగా రాశాడా అని పరీక్షించడానికి కాదు. ఆయన చెప్పింది సరైనదేనన్న నమ్మకం వాళ్లకు ముందే ఉంది. తాము సరిగా ప్రవర్తిస్తున్నామా అని తేల్చుకోవడానికి. తమలో కలుగుతున్న భయం, తమలో మిగిలిన ధైర్యం మనుషుల్లో ఉండవలసినవేనా అని ఆ పుస్తకం పక్కన పెట్టి చూసుకున్నారు. చదివే బలం ఉన్నవాళ్లే చదివారని కూడా ఆమె రాసింది. ఆ కొద్ది మాటల్లో ఆకలి ఎంత ఉందో తెలుస్తుంది.

ఆ చదువుకు పట్టికలు లేవు. గడువు పెట్టింది యుద్ధం. చదివినవాళ్లు చాలావరకు వేరువేరు గదుల్లో, చలికి కోట్లు తొడుక్కుని, చమురుదీపాల దగ్గర చదివారు. కానీ ఒక నగరమంతా ఒకే పుస్తకంలో ఉందన్న ఎరుక వాళ్లకు ఉంది. ఆ శీతాకాలానికి ముందే యాస్నయ పొల్యాన కూడా జర్మన్ల చేతికి చిక్కింది. అక్టోబరు చివరి నుంచి డిసెంబరు మధ్య దాకా నెలన్నర వాళ్ల బస అక్కడే. వెళ్లిపోతూ ఇంటికి నిప్పుపెట్టారు. ఇల్లు కాలిపోకుండా అక్కడి సిబ్బంది కాపాడారు.

తరవాతి కాలంలో ఈ నవలలను పైకి చదివే పెద్ద ప్రయత్నాలు జరిగాయి. 1970 డిసెంబరులో న్యూయార్క్‌లో డబ్ల్యుబిఎఐ రేడియో కేంద్రం 'యుద్ధము – శాంతి'ని మొదటి నుంచి చివరి దాకా రాత్రింబవళ్లు చదివించింది. 2014 అక్టోబరులో రష్యాలో 700 మందికి పైగా పాఠకులు 'ఆనా కరేనినా'ను వంతులవారీగా కెమెరాల ముందు చదివారు. 2015 డిసెంబరు 8 నుంచి 11 దాకా, రోజుకో సంపుటం చొప్పున, 1,300 మందికి పైగా కలిసి దాదాపు 60 గంటల్లో 'యుద్ధము – శాంతి' పూర్తిచేశారు. రచయిత మునిమనవడి కూతురు ఫ్యోక్లా టాల్‌స్టాయా దీన్ని నడిపింది. అంతరిక్ష కేంద్రంలో ఉన్న వ్యోమగామి సెర్గేయ్ వోల్కోవ్ కూడా తన భాగం అక్కడినుంచే చదివాడు. ఘనమైన సంగతులే. అయినా నాలుగు రోజుల్లో ఆ నవల వినడం ఉత్సవానికి పనికొస్తుంది గానీ దానితో సహజీవనానికి పనికిరాదు.

సహజీవనానికి మార్గం 2020లో మళ్లీ దొరికింది. చైనాలో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ రచయిత్రి ఈయున్ లీ, బ్రూక్లిన్ నుంచి వెలువడే 'ఎ పబ్లిక్ స్పేస్' పత్రికతో కలిసి 'యుద్ధము – శాంతి'ని కలిసి చదవమని మార్చి 18న ఒక ఆహ్వానం పలికింది. రోజుకు 12 నుంచి 15 పేజీలు, అంటే అరగంట చదువు. కరోనా మూలంగా తలుపులు మూసుకున్న ప్రపంచంలో వేలమంది ఆ పిలుపు అందుకున్నారు. నవల 85 రోజుల్లో పూర్తయింది. రోజూ తాము గమనించిన చిన్న చిన్న విషయాలు ఒకరికొకరు చెప్పుకున్నారు: ఒక పాత్ర పైపెదవి మీద నూగు, ఒక తోడేలు పరుగు, ఒకరు ఇంకొకరికి అప్పివ్వడంలో కనబడిన సిగ్గు. పెద్ద సిద్ధాంతాలు ఎవరూ అడగలేదు. ఆ అనుభవం నుంచి మరుసటి ఏడాది ఒక పుస్తకం కూడా వచ్చింది. గడువు ఈసారి సంపాదకుడిదీ కాదు, యుద్ధానిదీ కాదు. చదివేవాళ్లే పెట్టుకున్నది.

ఈ నవల అలాంటి పట్టికకు ఎంత బాగా లొంగుతుందో లెక్క చూస్తే తెలుస్తుంది. నాలుగు సంపుటాలు, పదిహేను భాగాలు, ఆపైన రెండు భాగాల ఉపసంహారం. మొత్తం 361 అధ్యాయాలు. మాడ్ దంపతుల ఇంగ్లీషు అనువాదపు కొన్ని ముద్రణల్లో విభజన కాస్త మారి 365 అయ్యాయి. అధ్యాయాలు చాలావరకు చిన్నవి. ఒక దృశ్యం, ఒక మాటామంతీ, ఒక మనసు మలుపు, అంతటితో ఆగుతాయి. జనవరి 1న రోజుకొకటి చొప్పున మొదలుపెడితే లీపు కాని ఏట బొరొదినో యుద్ధపు అధ్యాయాల్లోకి జులై చివరివారంలో అడుగుపెడతాం, ఆగస్టు 13న బయటపడతాం. మూడు వారాల పాటు ఒక యుద్ధరంగంలో ఉంటాం. ఆ మూడు వారాల్లో ఆఫీసుకు వెళ్తాం, పిల్లల్ని బడికి పంపుతాం, సాయంత్రం మళ్లీ పియర్‌తో పాటు రాయెవ్‌స్కీ ఫిరంగి దిబ్బ మీద నిలబడతాం. కథానాయకుల్లో ఒకరైన ఆంద్రేయ్ గాయపడిన రోజుకూ చనిపోయిన రోజుకూ మధ్య ఏడు వారాలకు పైనే వస్తాయి. ఆయన పోయేది 275వ అధ్యాయంలో, అక్టోబరు 2న. ఆ రోజు బృందంలో ఒక్కరైనా మిగతావాళ్లకు ఫోన్ చేయకుండా ఉండలేరు.

పట్టిక నిజంగా పరీక్షకు నిలబడేది ఆ తరవాత, ఉపసంహారం రెండో భాగంలో. కథ అయిపోయింది. నతాషా, పియర్, మరియా, నికొలాయ్ అందరి బతుకులూ ఒక ఒడ్డుకు చేరాయి. ఇంకా పన్నెండు అధ్యాయాలున్నాయి. వాటిలో పాత్రలు లేవు. చరిత్రను నడిపేది ఎవరు, మనిషికి స్వేచ్ఛ ఎంత అన్న వాదం ఉంది. ఒంటరిగా చదివేవాళ్లలో చాలామంది అక్కడ పుస్తకం మూసేస్తారు. టాల్‌స్టాయ్ కూడా 1873 ముద్రణలో ఈ చర్చలు కొన్నింటిని కథనంలోంచి తీసి అనుబంధంగా చివర చేర్చాడు; ఫ్రెంచి సంభాషణలను రష్యన్‌లోకి మార్చాడు. 1886లో సోఫియా వేయించిన ముద్రణలో అవి మళ్లీ వాటి స్థానాలకు వచ్చాయి. ఏడాదంతా కలిసి నడిచిన మిత్రులకు ఈ పన్నెండు అధ్యాయాలు డిసెంబరు 16 నుంచి 27 దాకా వస్తాయి. అప్పటికి వాళ్లు మాస్కో తగలబడటం చూసి ఉన్నారు, దాన్ని ఎవరూ ఆజ్ఞాపించలేదని రచయిత అంటే నమ్మాలో వద్దో నెలల ముందే వాదించుకుని ఉన్నారు. కాబట్టి ఈ వాదం వాళ్లకు గాలిలోంచి ఊడిపడదు. ఒకరు ఒప్పుకోరు, ఒకరు సమర్థిస్తారు, ఒకరు బొరొదినో నాటి నెపోలియన్ జలుబు గురించి టాల్‌స్టాయ్ రాసింది మళ్లీ తీసి చూపిస్తారు. పన్నెండు రోజులూ పూర్తవుతాయి.

ఏడాది ముగియడానికి ఇంకా నాలుగు రోజులు మిగులుతాయి. ఆ నాలుగు రోజుల్లో బృందాలు మరుసటి ఏటి పట్టిక తయారుచేసుకుంటాయి. ఎక్కువగా తరవాతి వంతు 'ఆనా కరేనినా'దే: 239 అధ్యాయాలు, వారానికి అయిదు చొప్పున 48 వారాలు. కత్కోవ్ అచ్చువేయనన్న ఎనిమిదో భాగానికి పంతొమ్మిది అధ్యాయాలు. పట్టికలో దానికి దాదాపు నాలుగు వారాలు రాసి ఉంటాయి.